పెద్దక్కకై పట్నమునకు

తీర్థయాత్రలను గూర్చి మన సోదరీమణులు పెక్కుమంది వ్రాసియున్నారు. కాశీకి పోవలెనన్న ఇంట నెవ్వరును అడ్డుచెప్పరు. పెండ్లికో, పురుటికో పోవలెనన్నను చెప్పరు. "మా స్నేహితురాలిని జూచి వచ్చెదము" అని యొక గృహిణి యన్నచో మాత్రము, "అంత యవసరమేమి వచ్చినది? ఫోనులో మాటలాడరాదా?" అను ప్రశ్న తప్పదు. పురుషులకు స్నేహితులుండుట సహజమనియు, స్త్రీలకు బంధువులున్న చాలుననియు లోకము తలంచుచున్నట్లున్నది. మొన్నటి భాద్రపద బహుళమున మేము మువ్వురము గోదావరిఖని నుండి హైదరాబాదునకు పోయినది కేవల మొక స్నేహితురాలి కొఱకే. ఆమెను మేము పెద్దక్క యందుము.

పెద్దక్క మాకెవ్వరికిని తోడబుట్టినది కాదు. ఆమెది ధర్మపురి దాపున నొక పల్లె. మాలో నొకతెది మంథని, ఇంకొకతెది మంచిర్యాల కవతల, మూడవయామెది పెద్దపల్లి. కులములు వేఱు, ఊళ్లు వేఱు. కాలనీలో నొకే వరుస క్వార్టర్లలో గోడకు గోడ చేర్చి కాపురముండుటచేత అక్కచెల్లెండ్ర మైతిమి. ఇట్టి చుట్టఱికము బొగ్గుసీమలో తఱచు.

మా సీమను జూడనివారి కొఱకు రెండు మాటలు చెప్పవలెను. 1871లో కింగు అను భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889 నుండి త్రవ్వకము సాగినది. అచటి సింగరేణి గ్రామము పేరే 1920లో ఏర్పడిన సంఘమునకు పేరయ్యెను. నేడు దానిలో నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వమువి, 49 వంతులు కేంద్ర ప్రభుత్వమువి. మా గోదావరి యొడ్డునకు గనులు వచ్చినది 1960 ప్రాంతమున. ఊరికి పేరే గని నుండి కలిగినది. ఇచట జనులు "బొగ్గుబాయి" యందురు. బావి యన్న నీరు తోడుకొనునది గదా. మా సీమలో మనుష్యులే దిగి, మనుష్యులే పైకి వత్తురు.

గనిలో స్త్రీలు భూమి క్రింద పనిచేయరాదని 1952 నాటి గనుల చట్టము నిషేధించెను. 2019లో, వారి వ్రాతపూర్వకమగు సమ్మతిపై దిగవచ్చునని ప్రభుత్వము సవరించినది. కావున మా వయసు ఇల్లాండ్రకు గని యనగా చూచినది కాదు, విన్నది. షిఫ్టు మాఱినపుడెల్ల సైరన్ కూయును. కూతనుబట్టి పొయ్యి వెలిగించుట, కూతనుబట్టి అన్నము వార్చుట. వేళగాని వేళ కూత వినబడెనా, వరుసలోని వాకిళ్లన్నియు నొక్కమాఱుగా తెఱచుకొనును. ఎవరును మాటలాడరు. అట్టి సమయముల పెద్దక్క తన యింటి యరుగు మీదికి మమ్మందఱను పిలిచి, కూరగాయలో చింతపండో ముందుపెట్టి, చేతులకు పని కల్పించెడిది. "చేతులు ఊకుంటే మనసు ఊకుండదే" అనెడిది. మగవారు మసిమొగములతో తిరిగి వచ్చువఱకు మేము వలిచిన చిక్కుడుకాయలు ఎన్ని తట్టలో!

1990 ప్రాంతమున సింగరేణి గనులలో లక్షకు మించి కార్మికులుండిరి. నేడు 40 వేల ప్రాంతము. తట్టా చెమ్మసుతో బొగ్గెత్తిన పని యంత్రముల పాలయ్యెను. దిగుడు గనుల కంటె, భూమిని పైనుండి దొలుచు ఓపెన్‌కాస్టుల బొగ్గే యిపుడు హెచ్చు. ఊరి చుట్టును మట్టిగుట్టలు లేచినవి. మధ్యాహ్నము వేళ ప్రేలుడు మందు పెట్టినపుడు వంటింట గిన్నెలు గలగలలాడును. ఉద్యోగ విరమణమైనవారు క్వార్టరు అప్పగింపవలెను, అది నియమము. ముప్పది యేండ్లు కాపురమున్న వరుసలో చివరికి ఎవరి యిల్లును ఎవరిది కాదు. కొందఱు స్వగ్రామములకు పోవుదురు, కొందఱు పిల్లల వెంట పట్నము చేరుదురు. తెలంగాణమున పట్నమన్న హైదరాబాదే.

పెద్దక్క భర్త 2018లో విరమణ పొందెను. అల్వాలులో కుమారుని యొద్దకు చేరిరి. 2022లో ఆయన జబ్బుచేసి గతించెను. ఆ తరువాత ఆమె మా ఊరివైపు రాలేదు. ప్రతి బతుకమ్మకును పిలిచితిమి. ప్రతిమాఱును ఏదో యొక నెపము. మాకు కారణము తెలియకపోలేదు.

ఈ యేట ఫోను మాని మేమే పోవుటకు నిశ్చయించుకొంటిమి. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు ఛార్జీ లేదు. దీనిని గూర్చి అనుకూలముగను ప్రతికూలముగను పెక్కు మాటలు వినుచున్నాము. మా యనుభవ మింతియే: ఇదివఱకు పట్నము పోవలెనన్న డబ్బడుగవలెను, అడిగినపుడు కారణము చెప్పవలెను, కారణము చాలదనిపించుకొనవలెను. ఇప్పుడు ఆధార్ కార్డు చూపిన సున్నా టికెట్టు చేతికి వచ్చును. కారణము ఎవ్వరును అడుగరు.

ఉదయము ఆఱు గంటలకు బస్సు కదలినది. ఎరువుల కర్మాగారపు కూడలి దాటితిమి. ఆ కర్మాగారము 1999లో మూతపడి, పేరు మార్చుకొని 2021లో మరల ఉత్పత్తి మొదలిడినది. మధ్య నున్న యిరువది రెండేండ్లలో చెదరిన కుటుంబములు మాత్రము మరల చేరలేదు. తరువాత ఎన్‌టీపీసీ పొగగొట్టములు. అచట మొదటి యూనిట్టు 1983లో నడిచినది. పాత కేంద్రము శక్తి 2600 మెగావాట్లు. మా బొగ్గు ప్రత్యేకమగు రైలుదారిపై అందులోనికి పోవును. విద్యుత్తై తీగెలపై బయటికి వచ్చును. తీగెల స్తంభములు కొంత దూరము మా బస్సుతో పరుగెత్తి, పొలముల కడ్డముగా దక్షిణమునకు దిగిపోయినవి.

బసంతనగరపు సిమెంటు కర్మాగారము దాటిన పిదప దుమ్ము తగ్గి పచ్చదనము కన్నుల బడెను. పెద్దపల్లి, సుల్తానాబాదుల మధ్య వరి పొట్టకు వచ్చియున్నది. రోడ్డు ప్రక్కల తంగేడు విరియబూచెను. చేల గట్ల వెంట గునుగు తెల్లగా తలలూపుచుండెను. ఈ రెండు పువ్వులు చూచిన తెలంగాణపు ఆడుబిడ్డకు ఇంకేమియు తోపదు. పెత్తరమాస నాడు ఎంగిలిపువ్వు బతుకమ్మ. మాకింక మూడు దినములే వ్యవధి.

కరీంనగరమున దిగితిమి. టికెట్టు సొమ్ము పోవునను చింత లేదుగదా! ఈ యూరి వెండి తీగెపని ప్రసిద్ధము. వెండిని వెండ్రుకవలె సన్నని తీగెలుగా దీసి, రెండేసి పేనుచు, ఆకులు, లతలు, నెమళ్లుగా మలచి, చట్రములో నమర్చి అతుకుదురు. పళ్లెములు, అత్తరుదానులు, భరిణెలు చేయుదురు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. దుకాణమున నొక చిన్న కుంకుమభరిణె మా మువ్వుర కన్నులను పట్టినది. మూతపై నొక్కటే తామర. తీగెల సందుల నుండి అఱచేయి కనబడును. పెద్దక్కకు కుంకుమభరిణె యన్న మోజని మేమెఱుగుదుము.

అచట మాలో వాదము పుట్టినది. "ఇది ఆమె కెట్లిత్తుము?" అని మంథని యామె చేయి వెనుకకు దీసికొన్నది. రెండవయామె ఊరకుండెను. దుకాణదారు మంచివాడు, అత్తరుదాను కూడ తీసి ముందుపెట్టెను. వితంతు వివాహమును న్యాయసమ్మతము చేసిన శాసనము 1856 నాటిది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881లో. శాసనము వచ్చి నూఱేండ్లు దాటి యెన్నో యేండ్లయినను, నలువది రూపాయల కుంకుమ విషయమున మన చేయి వెనుకకు పోవును. శాసనములు మగవారు చేసిరి. ఈ చేయి మాత్రము మనదే. మేము కుంకుమభరిణెనే కొంటిమి. ఇచ్చుటయా, మానుటయా అన్నది దారిలో ఆలోచింత మనుకొంటిమి.

మఱియొక బస్సెక్కి మానేరు వంతెన దాటితిమి. దిగువ మానేరు జలాశయము నిండి, కంటికి ఆనినంత మేర నీరు. బస్సులోని పిల్లలు సముద్రమని కేకలువేసిరి. సముద్రము దూరమున నున్న సీమకు చెఱువే సముద్రము గావున మేమును కాదనలేదు.

ఇంక నీటి మాట. మా ఊరికి ఎగువను గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి ఆనకట్ట గలదు, 20 టి.ఎం.సీ.లు నిలుచును. దాని యొడ్డున ముర్మూరు కడ నీటిని యెత్తి, ఈ రాజీవ్ రహదారి వెంటనే, సుమారు 186 కిలోమీటర్లు గొట్టములలో నడిపి పట్నమునకు త్రాగునీ రిచ్చుచున్నారు. మల్లారమున వడగట్టి, ఘనపురమున నిలువచేయుదురు. 2015 చివర మొదటిసారి ఆ నీరు నగరము చేరినది. కరీంనగరము దాటినది మొదలు మేము ప్రయాణముచేయుచున్నంత సేపును గోదావరి మా ప్రక్కనే మట్టి క్రింద నడుచుచున్నదన్నమాట. బొగ్గు రైలుపై పోవును, వెలుగు తీగెలపై పోవును, నీరు గొట్టములలో పోవును, పిల్లలు చదువులకును కొలువులకును బస్సులలో పోవుదురు. మా సీమ నుండి పట్నమునకు పోని దేమి? పెద్దక్కయు అట్లే పోయినది. ఇది నిష్ఠూరము కాదు. కొండమీది నీరు పల్లమునకు పోవును. అయితే ఇచట నీరు పల్లము నుండి మెఱకకు పోవుచున్నది, దానికి పంపులు కావలెను. అట్లే మనుష్యులకును ఏదో యొక పంపున్నది.

సిద్దిపేట కడ త్రాగిన టీని గూర్చి వ్రాయకుండుటయే మర్యాద. వెంట తెచ్చుకొన్న సర్వపిండి కొంచెము తింటిమి. మిగిలినది పెద్దక్కకు. సత్తుపిండి డబ్బా వేఱుగా నున్నది. మాలో నొకతె నవ్వి, "కుచేలుడు అటుకులు కట్టుకొని ద్వారకకు పోయినట్లున్నది" అన్నది. మా తండ్రిగారు బాల్యమున పోతన భాగవతము దశమస్కంధము చెప్పునపుడు కుచేలుని భక్తిని, కృష్ణుని సౌహార్దమును విప్పి చెప్పెడివారు. మాకిపుడు తోచిన దొక్కటి: కుచేలుని కదిలించి ద్వారకకు పంపినది ఆతని భార్య. చిన్ననాటి స్నేహితుని చూడబొమ్మని చెప్పి, ఆయన యడుగగా అటుకులు కొంగున ముడివేసినది ఆమె. ఆ యిల్లాలికి మాత్రము చిన్ననాటి స్నేహితురాండ్రు లేకుండిరా? ఉన్నచో వారిని చూడ నామె నెవరు పంపిరి? భాగవతమున ఆ ప్రసక్తి లేదు.

ప్రజ్ఞాపురము, శామీరుపేట చెఱువు, బయటి వలయపు రహదారి వంతెన, హకీంపేట, బొల్లారములోని రాష్ట్రపతి నిలయము ఒకటి వెంట నొకటి వచ్చినవి. ఆ నిలయము 2023 నుండి ఏడాది పొడుగునను ప్రజలు చూడవచ్చునట. మేము గోడ మాత్రమే చూచితిమి. లోతుకుంట కడ దిగి ఆటోలో అల్వాలు చేరునప్పటికి మధ్యాహ్నము మూడు గంటలు. గోదావరిఖని నుండి సుమారు 225 కిలోమీటర్లు.

నాలుగవ అంతస్తు. లిఫ్టు తలుపు తెఱచుకొనగనే ఎదుట పెద్దక్క నిలిచియున్నది. చిక్కినది. నుదురు బోసిగా నున్నది. మమ్ము చూచి యేడ్చునేమో యనుకొంటిమి. ఆమె "ఎండల వచ్చిన్రు, ముందు నీళ్లు తాగున్రి" అని చెంబు చేతికిచ్చెను. మంచిర్యాల యామె గుక్కెడు త్రాగి, "ఇవి మన గోదారి నీళ్లే అక్కా" అనెను. పెద్దక్కకు తెలియదు. దారిలో వినినదంతయు చెప్పితిమి. ఆమె చెంబును చాలసేపు చూచి, "అది గూడ నాలెక్కనే వచ్చిందన్నట్టు" అని మొదటిసారి నవ్వెను.

కోడలు ఉద్యోగమునకు పోయివచ్చు పిల్ల. అత్తలు కోడండ్రను, కోడండ్రు అత్తలను దూషించు కథలు మన పత్రికలకు కొఱవడలేదు గనుక, ఈ పిల్ల మంచిదని చెప్పుట మాకు సంతోషము. సాయంకాలము వచ్చి, చేతిసంచి క్రింద పెట్టకమునుపే మాకు చాపలు పఱచెను. కుమారుడును ఆదరముగా మాటలాడెను. పెద్దక్కకు లోటేమియు లేదు. మందులు, పాలు, టీవీ, ఎండ వచ్చు కిటికీ. తెల్లవాఱుజామున మెలకువ వచ్చునట. సైరన్ లేని యీ యూరిలో ఏమి చేయవలెనో తోచక, మొదటి షిఫ్టు అన్నము వండు వేళకు లేచి కూర్చుండునట. అరుగు లేదు. ఎదుటి ఫ్లాటువారి పేరు ఆమెకింకను తెలియదు.

మఱునాడు ఆదివారము. కుమారుడు మమ్మందఱను పట్నము చూపింతు ననెను. జూబ్లీ బస్‌స్టేషను కడ మెట్రో ఎక్కి, 2020లో తెఱచిన ఆ దారిని మహాత్మాగాంధీ బస్‌స్టేషనునకు పోయి, మూసీ దాటి సాలార్జంగు మ్యూజియము చూచితిమి. అచట ముసుగు రెబెక్కా యను పాలఱాతి బొమ్మ గలదు. బెంజోనీ యను ఇటలీ శిల్పి చెక్కినది. 1876లో మొదటి సాలార్జంగు తెప్పించెను. ఱాతిలో పలుచని మేలిముసుగు, దాని వెనుక మొగము! జనులు ముసుగు చెక్కిన నేర్పునే పొగడుచుండిరి. పెద్దక్క మాత్రము, "పాపం, ఇంతమంది చూస్తున్రు, ఒక్కలన్న తీసేటోళ్లు లేరు" అని ముందుకు నడచెను. మిగిలిన గదులలో కాళ్లునొప్పులే గాని జ్ఞాపకమేమియు లేదు.

ఆ రాత్రి భోజనములైన పిదప వచ్చిన పని చెప్పితిమి. బతుకమ్మకు రమ్మని, తొమ్మిది దినములు మా యిండ్ల నుండుమని. పెద్దక్క తల వంచుకొని, "నా అసొంటిదానికి బతుకమ్మేందే చెల్లె? వచ్చి మూలకు కూసోవాల్నా?" అన్నది.

అది ఆమె కల్పన కాదు. ఆయన పోయిన సంవత్సరము ఒక చుట్టము ఇంటి పండుగలో పువ్వులు పేర్చబోయిన ఆమె చేతిని పట్టి, "నీవు వద్దు లే" అనిరట. మెల్లగనే యనిరట. గట్టిగా నన్నచో ఆమె మఱచియుండెడిది. 2014లో బతుకమ్మను రాష్ట్రపు పండుగ చేసిరి. మైదానములలో వేలకొలది స్త్రీలు ఆడుదురు. అయినను ప్రతి గుంపునను గట్టున నిలిచి చూచు నలుగురైదుగురు స్త్రీలుందురు. వారిని ఎవరును పొమ్మనరు, రమ్మనియు ననరు. గౌరమ్మకు పసుపు ఎవరు ముద్దచేసిన నేమి? వరుసలో నున్నపుడు మా బతుకమ్మలన్నిటికిని అడుగు పేర్చి యిచ్చినది పెద్దక్క. తాంబాళములో ఆకులు పఱచి, గునుగు కాడలు సమముగా కత్తిరించి, ఒక్క ప్రక్కకైనను ఒరగకుండ ఎత్తునకు లేపుట మాలో నొక్కరికిని రాదు. మా పువ్వుల మేడలు మూడేండ్లుగా ఒరిగియే యున్నవి. ఈ మాట ఆమెతో నంటిమి.

కుమారుడు వినుచుండెను. "చిన్నమ్మా, అమ్మకు మోకాళ్ల నొప్పి, బీపీ. ఆడ సొంత ఇల్లు గూడ లేదు. ఏమన్నయితే?" అనెను. అతని భయము న్యాయమైనదే, తీసివేయదగినది కాదు. మందులు వేళకు మేమిచ్చెదమనియు, మా యిండ్లన్నియు నేలమీద నున్నవనియు, లిఫ్టు అక్కఱలేదనియు చెప్పితిమి. అతడు తల్లి మొగము చూచెను. ఆమె మాటలాడలేదు.

మంథని యామె లేచి తన సంచిలోని భరిణె తీసి పెద్దక్క యొడిలో నుంచెను. దుకాణమున చేయి వెనుకకు దీసికొన్నదియు నామెయే. పెద్దక్క మూత తెఱచి, మూసి, తామరపై వ్రేలు త్రిప్పుచు, "ఇందుల ఏం బెట్టుకోను?" అని యడిగెను. "నీ ఇష్టమక్కా. కుంకుమ పెట్టుకో, పసుపు పెట్టుకో, పోకచెక్కలు పెట్టుకో. ఇచ్చినోళ్లం మేము, అడిగేటోళ్లు ఎవరు?" అని ఆమె యుత్తరము. కోడలు లోపలికి పోయి చిన్న సంచి తెచ్చి, ఏమియు ననకుండ అందులో మందుల చీట్లు, రెండు చీరలు సర్దసాగెను.

తెల్లవాఱి లోతుకుంట కడ బస్సెక్కితిమి. కండక్టరు కార్డులడిగెను. పెద్దక్క కార్డుపై అల్వాలు చిరునామాయే యున్నది. "ఎక్కడికమ్మా?" అనగా, ఆమె మాకంటె ముందుగా "గోదావరిఖని" యనెను. నాలుగు సున్నా టికెట్లు వచ్చినవి.

కిటికీ ప్రక్క సీటు ఆమెకిచ్చితిమి. కొండపాక దాటువఱకు పలుకలేదు. తరువాత చేలలో గునుగును చూచి, బస్సు ఆపింపుడని పిల్లవలె పట్టుబట్టెను. ఎక్స్‌ప్రెస్ బస్సు గునుగు కొఱకు ఆగునా! సిద్దిపేటలో ఆగినపుడు ఒక ముసలిది గునుగు, తంగేడు కట్టలు అమ్మవచ్చినది. పెద్దక్క కిటికీ నుండి చేయి సాచి బేరమాడి, ఒక్కొక్క కట్టను ముక్కునకు దగ్గఱగా పట్టి చూచి, వాడినది వెనుకకిచ్చి, నాలుగు కట్టలు కొని యొడిలో పెట్టుకొనెను. కాడలు పొడవు చాలవని మాతో నన్నది. మానేరు వంతెన వచ్చువఱకును వాటిని సరిచేయుచునే యుండెను.